రోల్ నంబర్ 38: ఉద్దానంలో ఓ చిన్న సినిమా, షూటింగు డైరీ

జులై, రెండో వారం

ఆరోసారి తిరగరాసిన స్క్రిప్టు ఇవాళ ప్రింటు తీయించాను. 94 పేజీలు వచ్చింది. కథ రెండు ముక్కల్లో ఇదీ. శ్రీకాకుళం నుంచి మద్రాసుకి తాపీపనికి వలసపోయిన కుటుంబం. పిల్లాడు అక్కడి సర్కారు బడిలో ఎనిమిది దాకా తమిళంలో చదివాడు. తండ్రి అక్కడే ఉండిపోతే, తల్లి కొడుకుని తీసుకుని సొంతూరొచ్చేసి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి కుదురుతుంది. వాడు జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతిలో చేరతాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో మాట్లాడింది తెలుగే. చదవమంటే మాత్రం ఒక్క అక్షరం రాదు.

'మద్రాసులో తెలుగు మీడియం బడులుంటాయి కదా' అని స్క్రిప్టు చదివిన మిత్రుడు అడిగాడు. ఉన్నాయి. కానీ పనున్న చోటికల్లా ఇల్లు మార్చే కుటుంబానికి దగ్గర్లో ఏ బడి ఉంటే అదే బడి. పైగా తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది.

ఇది నా కథేనా అని కూడా అడిగాడు. కాదు. మా క్లాసులో ఇలాంటివాడు ఒకడుండేవాడు. వాడు నిలబడి పాఠం చదువుతుంటే నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆగస్టు, చివరి వారం

నాలుగు బడులు తిరిగి అరవైమంది పిల్లల్ని చూశాం. ఫోన్లలో రీల్స్ చేసి చేసి చాలామందికి కెమెరా అంటే భయం లేదు. ఇబ్బంది కూడా అదే. లెన్సు కనపడగానే కనుబొమ్మ ఎగరేస్తారు.

మాకు దొరికినవాడు ఆడిషన్‌కి రాలేదు, స్నేహితుడికి తోడొచ్చాడు. సరదాకి వాడి చేతిలోనూ ఒక పేజీ పెట్టాం. చదివి, 'ఈడెందుకు ఏడుస్తన్నాడు సార్? అందరూ నవ్వుతుంటే నానైతే ఏడవను. బెంచీ మీద గీతలు గీసుకుంటాను' అన్నాడు. ఆ రాత్రి స్క్రిప్టులో మూడు ఏడుపు సీన్లు కొట్టేశాను. బెంచీ మీద గీతలు మిగిలాయి. వాడికి పద్నాలుగేళ్లు నిండి రెండు నెలలైంది. గొంతు ఇంకా లేతగా, పిల్లాడి గొంతులాగే ఉంది. ఆ గొంతు కోసమే తీసుకున్నానని అప్పుడు రాసుకున్నాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను కుట్టింది.

సెప్టెంబరు, మొదటి వారం

ఈ వారమంతా కాగితాలే. బడిలో తీయడానికి విద్యాశాఖ అనుమతి, హెడ్‌మాస్టారి సంతకం, బడి కమిటీ ఒప్పుకోలు. అసలు పని పిల్లలది. క్లాసులో కూర్చోబెట్టే 22 మందిలో తొమ్మిదిమందికి ఇంకా పద్నాలుగు నిండలేదు. బాలకార్మిక చట్టం 2016 సవరణ సినిమాల్లో నటించే పిల్లలకి మినహాయింపు ఇచ్చింది, 2017 నిబంధనలు దానికి కంచె కట్టాయి. కలెక్టరు అనుమతి కావాలి, ఫారం-సిలో హామీ రాసివ్వాలి. రోజుకి 5 గంటలు దాటకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు మించి నిలబెట్టకూడదు. ఐదుగురు పిల్లలకి ఒక బాధ్యుడు ఉండాలి. వాళ్లకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం వాళ్ల పేరనే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి.

మా చిన్న సినిమాల వాళ్లం చాలామందిమి దీన్ని పట్టించుకోం. 'తెలిసిన పిల్లలేగా, చాక్లెట్లిస్తే చాలు' అనుకుంటాం. నేనూ ఇంతకుముందు ఒక షార్ట్ ఫిల్ముకి అలాగే చేశాను. ఈసారి పద్నాలుగు నిండినవాళ్లకీ అదే లెక్క పెట్టుకున్నాం. షెడ్యూలు నాలుగు రోజులు పెరిగింది. పెరగనీ.

గేదెల సీను తీసేశాను. జంతువుని చూపిస్తే హర్యానాలో ఉన్న జంతు సంక్షేమ బోర్డు దాకా అర్జీ పెట్టుకోవాలి. గేదె రోడ్డు దాటడానికి అంత ప్రయాణమా?

సెప్టెంబరు, మూడో వారం

ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమస్య ఇక్కడ మొదలైంది.

మా పిల్లాడికి తెలుగు గడగడా వచ్చు. చదవడం రానట్టు నటించమంటే ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి, 'వి... ద్య... లే... ని' అంటూ ఒకే తూకంలో సాగదీస్తాడు. నిజంగా చదవలేనివాడు అలా ఆగడు. తెలిసిన అక్షరాల మీద పరుగెత్తి, తెలియనిదాని దగ్గర ఢీకొట్టుకుంటాడు. పదిసార్లు చేయించాం. పదిసార్లూ అబద్ధమే కనిపించింది.

వాళ్లమ్మమ్మది బరంపురం వైపు. వాడికి ఒడియా అక్షరాలు సగం సగం వచ్చు. సరే, తెలుగు వాక్యాన్నే ఒడియా లిపిలో రాసిచ్చి చదవమన్నాం. పేజీ ఎలాగూ షాటులో కనపడదు, పుస్తకం దగ్గరి షాటు వేరేగా తీసుకోవచ్చు. అద్భుతంగా తడబడ్డాడు! కానీ మా సౌండు మావయ్య హెడ్‌ఫోన్స్ తీసి తల అడ్డంగా ఊపాడు. ఒడియాలో అకారం ఒకారంలా పలుకుతుంది కాబట్టి 'పలక' కాస్తా 'పొలొకొ' అయింది. 'మద్రాసు నించి వచ్చినోడు పొలొకొ అంటాడేటి బాబూ' అన్నాడాయన. నిజమే. తప్పు కూడా సరైన తప్పై ఉండాలి.

తమిళ లిపిలో హల్లులు 18. క, గ లకి ఒకటే అక్షరం. చ-జ, ట-డ, త-ద, ప-బ కూడా అంతే. తమిళం చదివి వచ్చినవాడు తెలుగు అక్షరాల ముందు ఎక్కడ తికమకపడతాడో ఇందులోనే ఉంది. అందుకని మూడు వారాలు వాడికి తమిళ అక్షరాలు నేర్పాలనుకున్నాం. మూడు వారాలే, సగం మాత్రమే రావాలి. పూర్తిగా వస్తే మళ్లీ మొదటికొస్తాం.

పదో రోజుకి, 'విద్య లేని వాడు వింత పశువు' అని తమిళ లిపిలో రాసిచ్చాం. ఆ సామెత ఒకప్పుడు ప్రతి బడి గోడమీదా ఉండేది, ఎవరిని ఉద్దేశించి రాశారో ఆలోచించకుండా. వాడు చదివాడు: 'విత్య లేని వాటు...' ఆగాడు. చెవికి తప్పని తెలిసింది. 'వాడు' అని సర్దుకుని, 'వింత పసువు' అని ముగించి తలెత్తి చూశాడు. కన్ను తప్పుతుంటే చెవి దిద్దుతోంది. మా కథంతా ఆ ఒక్క ఆగడంలో ఉంది. ఎవరూ మాట్లాడలేదు. సౌండు మావయ్య మాత్రం 'రికార్డు చెయ్యలేదు బాబూ, రిహార్సలన్నారు కదా' అన్నాడు.

దసరా సెలవులు, మొదటి రోజు

బడి ఖాళీగా ఉంటుందని దసరా సెలవులు ఎంచుకున్నాం. ఎంత తెలివి! ఊళ్లో మూడు అమ్మవారి మండపాలు, మూడింటికీ మైకుసెట్లు. ఉదయం ఐదింటికి సుప్రభాతంతో మొదలైతే రాత్రి పదకొండుకి ఆఖరి సినిమా పాట. బడికి అటు ఒకటి, ఇటు ఒకటి.

వెనక పాటుంటే డైలాగు వినపడదని కాదు. వినపడుతుంది. కానీ ఒకే సీనుని నాలుగు కోణాల్లో తీస్తాం. మొదటి షాటులో పాట పల్లవిలో ఉంటే మూడో షాటులో చరణంలో ఉంటుంది. కలిపి అతికిస్తే కోత దగ్గరల్లా పాట గెంతుతుంది. పైగా ఆ పాటలకి హక్కులుంటాయి, మన సినిమాలో వినిపిస్తే డబ్బు కట్టాలి. కమిటీ కుర్రాళ్లని బతిమాలితే ఒక మండపం వాళ్లు మధ్యాహ్నం రెండు గంటలు ఆపారు. రెండోవాళ్లు, వీళ్లు ఆపారని గొంతు పెంచారు.

'పరవాలేదు, సంక్రాంతి షెడ్యూల్లో డబ్బింగు చెప్పించుకుందాం' అన్నాను. నేనే అన్నాను.

దసరా సెలవులు, మూడో రోజు

కెమెరా సోనీ ఎఫ్ఎక్స్3, విశాఖ నుంచి అద్దెకి. లెన్సులు రెండే, 35, 50 మిల్లీమీటర్లవి. సెకనుకి 24 ఫ్రేములు, షట్టరు యాభయ్యో వంతు. మన కరెంటు 50 హెర్ట్‌జ్, ట్యూబులైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది. యాభయ్యో వంతు సెకనులో సరిగ్గా రెండు మిణుకులు పడతాయి కాబట్టి తెర మీద వెలుగు అదరదు. అయినా స్టాఫురూములో ఒక చవక ఎల్ఈడీ బల్బు గీతలు గీతలుగా కనపడింది. దాన్ని విప్పి జేబులో పెట్టుకున్నాం. తిరిగి పెట్టడం మర్చిపోయాం, రేపు పెట్టాలి.

గంట ఫుటేజీకి సుమారు 108 జీబీ. రోజూ రాత్రి మూడు కాపీలు, రెండు ఎస్ఎస్‌డీల్లో, ఒకటి హార్డ్‌డిస్కులో. హార్డ్‌డిస్కు లాడ్జిలో ఉండదు, హెడ్‌మాస్టారింట్లో బీరువాలో ఉంటుంది. ఆయన భార్య దాన్ని పసుపుగుడ్డలో చుట్టి పెట్టారు.

ఫ్రేము గురించి ఒక నియమం పెట్టుకున్నాం. మొదటి నలభై నిమిషాలు వాడికి విడిగా క్లోజప్ ఇవ్వం. క్లాసంతా ఉన్న వెడల్పు షాటులో చివర, కిటికీ పక్కన, సగం కోసేసినట్టుంటాడు. కెమెరా ఎత్తు బెంచీమీద కూర్చున్నవాడి కంటి ఎత్తు, అంతకంటే పైకి లేవదు. 'హీరో ఎక్కడున్నాడో వెతుక్కోవాలి సార్' అని అసిస్టెంటు విసుక్కున్నాడు. వెతుక్కోనీ. హాజరు పిలిచేటప్పుడు టీచరు కూడా అలాగే వెతుక్కుంటుంది.

దసరా సెలవులు, ఐదో రోజు

తల్లి పాత్ర వేస్తున్నావిడ శ్రీకాకుళంలో నాటకాలు ఆడిన మనిషి. జీడిపిక్క డొక్కులోంచి వచ్చే నూనె చర్మాన్ని కాలుస్తుంది, నల్లగా పట్టేస్తుంది. పిక్కలు కొట్టేవాళ్లు చేతులకి నూనె, బూడిద పూసుకున్నా ఆ నలుపు గోళ్లలో ఉండిపోతుంది. మేకప్పుతో ఆ రంగు రాలేదు. బొగ్గు పూసినట్టుందని అక్కడి ఆడవాళ్లే నవ్వారు. 'నాలుగు రోజులు మాతో కూకోమ్మా, అదే వస్తాది' అన్నారు. ఆవిడ నిజంగానే కూర్చుంది. మూడో రోజుకి బొటనవేలు పొక్కింది, చేతులు నల్లబడ్డాయి. నాకు సిగ్గేసింది, ఆ పొక్కుని సినిమాలో వాడుకున్నందుకు కూడా. ఆవిడ మాత్రం, 'ఈ చేత్తో అన్నం ఎలా కలుపుకుంటారో ఇప్పుడు తెలిసింది, ఆ సీను మళ్లీ తీద్దాం' అంది. తీశాం. చెంచాతో తింటుంది.

దసరా సెలవులు, ఏడో రోజు

పొద్దున్నించీ తూర్పుగాలి. ఇక్కడివాళ్లకి అక్టోబరులో తూర్పుగాలి అంటే గుండె దడ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో మాకు వండిపెట్టే అత్త ఉప్మా వడ్డిస్తూనే చెప్పింది. ఇవాళ తుపాను కాదు, వాయుగుండం. కానీ పదిన్నరకి కరెంటు పోయింది.

కరెంటు పోవడంతో మైకులు ఆగాయి.

మూడు మండపాలూ ఒకేసారి. పిల్లల్ని ఇళ్లకి పంపేద్దామని నిలబడ్డవాణ్ణి ఆ నిశ్శబ్దం విని ఆగిపోయాను. సౌండు మావయ్య అప్పటికే బూమ్, అంటే పొడవాటి కర్రకి కట్టిన మైకు, చేతిలో పట్టుకున్నాడు. పాఠం చదివే సీను ఎనిమిదో రోజుకి పెట్టుకున్నాం, అదిప్పుడే తీసెయ్యాలనుకున్నాం. లైట్లు లేవు. కిటికీలోంచి వచ్చే మబ్బు వెలుతురే ఆధారం. ఈ కెమెరాకి లాగ్‌లో (రంగులు తర్వాత సర్దుకునేలా తీసే పద్ధతి) రెండు బేస్ ఐఎస్ఓలు, అంటే వెలుతురుని పట్టే స్థాయిలు, 800, 12800. రెండోదానికి మార్చాం. కాస్త గరుకు వచ్చింది, రానీ.

గదిలో ఫ్యాను లేదు, పాట లేదు. పాత పెంకుల మీద వాన. ఒక వెడల్పు షాటు, అంతే. కోత లేదు. తెలుగు మాస్టారి పాత్రధారి, 'ముప్పయ్యెనిమిది, లేచి చదువు' అన్నాడు. వాడు లేచాడు. చేతిలో తమిళ లిపిలో రాసిన కాగితం, మూడు వారాల సగం చదువు. 'విత్య లేని వాటు...' ఆగాడు. పిల్లలకి నవ్వమని చెప్పలేదు. వాళ్లకి వాడి చేతిలో ఏముందో తెలియదు, తమలాగే తెలుగు పుస్తకం అనుకున్నారు. ముందు ఒకమ్మాయి నవ్వింది, తర్వాత గదంతా. వాడు 'వాడు' అని దిద్దుకున్నాడు. ఆ దిద్దుకోవడం ఎవరికీ వినపడలేదు, మా రికార్డరుకి తప్ప. కూర్చుని, బెంచీ మీద గోరుతో గీత గీశాడు.

2 నిమిషాల 40 సెకన్లు. ఇంకో టేకు అడగలేదు. తర్వాత పిల్లలకి అసలు సంగతి చెప్పాం. నవ్విన అమ్మాయి ఆ తమిళ కాగితం తీసుకుని తనూ చదవబోయి చేతకాక నాలుక కరుచుకుంది. అదీ తీసుంటే బాగుండేది.

పన్నెండింటికి పిల్లల్ని ఆటోల్లో ఇళ్లకి దింపాం. సాయంత్రం ఆరింటికి కరెంటొచ్చింది, దాంతోపాటు పాటలూనూ.

నవంబరు

ఎడిటింగు. రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వరసలో పేర్చిన మొదటి కూర్పు 2 గంటల 18 నిమిషాలు, నాకే నిద్రొచ్చింది.

మైకు పాటలు పడ్డ సీన్లు పదకొండు. డావిన్చీ రిజాల్వ్ స్టూడియోలో గొంతుని విడదీసే సాధనం ఉంది. ఫ్యాను, మోటారు, వాన లాంటి మోతల్ని చక్కగా తీసేస్తుంది. పాటని తియ్యదు, ఎందుకంటే పాట కూడా గొంతే. వాద్యాలు పోయి గాయని మిగిలింది. మా పిల్లాడు మాట్లాడుతుంటే వెనకాల ఎవరో దెయ్యంలా ఆలపిస్తున్నారు. చొక్కాకి పెట్టిన చిన్న మైకు దగ్గరగా ఉండబట్టి ఏడు సీన్లు ఎలాగో గట్టెక్కాయి. నాలుగింటికి డబ్బింగే దిక్కు.

సంక్రాంతి సెలవులు, మొదటి రోజు

బస్సు దిగగానే మా హీరో ఎదురొచ్చి, 'బాగున్నారా అన్నయ్యా' అన్నాడు.

ఎవరో అనుకుని వెనక్కి చూశాను. మూడు నెలల్లో గొంతు విరిగిపోయింది. కింద బొంగురు, మధ్యలో హఠాత్తుగా పైకెగిరి కీచు. పై పెదవి మీద నూగు. ఎత్తు కూడా రెండంగుళాలు పెరిగాడు, యూనిఫాం ప్యాంటు చీలమండల పైకి పోయింది. వాళ్లమ్మ మురిసిపోతూ, 'మీ సినిమాలో దిగినాకే ఏపుగా పెరిగిపోనాడు బాబూ' అంది. నేను నవ్వాను. సౌండు మావయ్య నవ్వలేదు.

పద్నాలుగేళ్ల పిల్లాణ్ణి లేత గొంతు కోసం తీసుకుని, ఆ గొంతుని మూడు నెలలు దాచిపెట్టి డబ్బింగు చెప్పించుకోవచ్చనుకున్నాను. నాకూ ఒకప్పుడు పద్నాలుగేళ్లున్నాయి కదా, ఆమాత్రం గుర్తుండొద్దా?

సంక్రాంతి సెలవులు, రెండో రోజు

వేరే పిల్లాడితో చెప్పిద్దామని అసిస్టెంటు. వాళ్ల తమ్ముడితో ప్రయత్నించాం కూడా. పెదవులకి సరిపోయింది, మనిషికి సరిపోలేదు. ఫోన్లో ఏదో అప్లికేషన్‌తో గొంతు శ్రుతి పెంచి చూశాం, ఉడుత మాట్లాడినట్టుంది.

ఇంకో దెబ్బ. చదివే సీన్లు ఇంకో రెండున్నాయి కదా, తమిళ కాగితం ఇచ్చాం. గడగడా చదివేశాడు. దసరా తర్వాత తనంతట తనే నేర్చేసుకున్నాడట. 'సగమొదిలేస్తే ఏదోలా ఉంది అన్నయ్యా' అన్నాడు. ఏమనగలను?

రాత్రి లాడ్జి డాబా మీద స్క్రిప్టు ముందేసుకుని కూర్చున్నాను. ఆ నాలుగు సీన్లలో వాడి మాటలన్నీ కొట్టేస్తే ఏమవుతుంది? హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు. అమ్మ అడిగితే తలూపుతాడు. తండ్రి ఫోన్ చేస్తే వింటాడు. మూడిట్లో వాడి మాట అక్కర్లేదని తేలింది, అసలెందుకు రాశానో కూడా గుర్తురాలేదు. నాలుగోదాంట్లో కావాలి, అది సినిమాలోంచే తీసేశాను. ఇక సంక్రాంతిలో తీసేవి ఎలాగూ కథలో సంక్రాంతి తర్వాతివే. అక్కడ వాడు విరిగిన గొంతుతో మాట్లాడొచ్చు, పొట్టి ప్యాంటుతోనే. చదువు కూడా కొంచెం వచ్చి ఉండొచ్చు, వాడికొచ్చినట్టే. మొదటి సగంలో వాడి లేత గొంతు దాదాపు ఒక్క చోటే గట్టిగా వినిపిస్తుంది, వానలో చదివిన చోట.

నా స్క్రిప్టులో వాడు ఏడాదంతా ఒకేలా ఉన్నాడు. అది స్క్రిప్టు తప్పు, వాడిది కాదు.

సంక్రాంతి సెలవులు, ఆరో రోజు

కనుమ రోజు సెలవిచ్చాం. కొత్తగా రాసిన సీను ఇవాళ తీశాం. వాడు వీధిలో తమిళంలో ఫోన్ మాట్లాడుతుంటే క్లాసులో నవ్విన అమ్మాయి వింటుంది. 'మళ్లీ అను' అంటుంది. వాడు అంటాడు. గొంతు సరిగ్గా ఆ మాట మధ్యలో కీచుమంది. ఇద్దరూ నవ్వారు, పాత్రల్లోంచి బయటికొచ్చి నవ్వారు. కట్ చెప్పలేదు. అది ఉంచుతున్నాను.

మొదటి క్లోజప్ కూడా ఇవాళే. 50 లెన్సు. నూగుమీసం మీద చెమట.

మార్చి, మూడో వారం

ఒంటిపూట బడులు మొదలయ్యాయి, వాడికి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. కూర్పు 96 నిమిషాలకి దిగింది. మిగిలింది రంగులు సర్దడం, గది నిశ్శబ్దాలు అతకడం. ప్రతి గదిలో అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేసుకోమని సౌండు మావయ్య పోరుపెట్టినందుకు ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను, అది లేకపోతే కొట్టేసిన మాటల చోట గోతులు పడేవి. సెన్సారుకి వెళ్తే ఏ వయసు సర్టిఫికెట్ ఇస్తారో చూడాలి. పిల్లలు పెద్దల తోడుతో చూడొచ్చనే యూఏని ఇప్పుడు వయసుని బట్టి 7, 13, 16 అని మూడుగా విడదీశారు. మా కథలో పిల్లలు చూడకూడనిదేమీ లేదు, పిల్లలే ఉన్నారు.

నిన్న రాత్రి ఫోనుకి వాడి వాయిస్ మెసేజ్. గొంతు ఇప్పుడు కుదురుకుంది, అచ్చం మగాడి గొంతు. 'అన్నయ్యా, నా పాత గొంతు మీ దగ్గరుందా? అమ్మ వింటానంతంది. మా ఫోన్లో ఎక్కడా నేదు.'

వాన సీను కోసి పంపాను, 2 నిమిషాల 40 సెకన్లు. ఇవాళ పొద్దున వాళ్లమ్మ ఫోన్ చేసింది. మూడుసార్లు చూసిందట. 'అందరూ అలా నవ్వీసారేటి బాబూ' అంది. తర్వాత, 'ఆ చివర గోరుతో గీస్తాడు కదా, మా ఇంట్లో మంచం కోడు మీద కూడా అలగే గీసీవోడు' అంది.

ఆ మంచం ఇంకా ఉందా అని అడిగాను. ఉందంది. ఆదివారం కెమెరా తీసుకుని వెళ్తున్నాం.